గంజి మేసిన పురుగు

"కత్తెరతో కోసేసిందయ్యా! నా చావు చీర కోసేసింది!"

కంకిపాడు చర్చి మెట్ల మీద సంపూర్ణమ్మ చీర విదిలించి పట్టుకుని అరుస్తోంది. ఆరాధన ముగిసి జనం బయటికొచ్చే వేళ. తను పోయిననాడు కట్టి పూడ్చాలని ఆమె దాచుకున్న తెల్ల నేత చీర అది. మడతమడతకీ చిల్లులు. ఇంట్లో కత్తెర పట్టేది కుట్టుమిషను తొక్కే కోడలు అమలమ్మ ఒక్కతే. ఇంకేం కావాలి? అమలమ్మ మొగుడు లాజరు తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు. నోరుండీ లేని మనిషి.

సంఘ పెద్ద సంజీవరావు గొంతు సవరించుకున్నాడు. "తప్పు ఒప్పుకోమ్మా. ఒప్పుకునేదాకా మైలవరంలో మీ పుట్టింట్లో ఉండు."

అడిగినవాడు లేడు, చీర పట్టి చూసినవాడు లేడు. తీర్పు మాత్రం తయారు!

అమలమ్మకి ఒళ్లు మండింది. చీర లాక్కుని చూసింది. కత్తెర కోతకి అంచు తిన్నగా ఉంటుంది. ఇక్కడ నేత గీకి గీకి పల్చబడి మధ్యలో చిల్లి పడింది. చుట్టూ పసుపు మరకలు. గుడ్డ చేతికి అట్టలా తగిలింది.

"అత్తా, దీనికి గంజి పెట్టావా?"

"పెట్టకుండా ఎట్టా? ఏటేటా ఈస్టరుకి ఉతికి, చిక్కటి గంజి పెట్టి దాస్తన్నా. నలిగిన గుడ్డలో పోడానికి నేనేమన్నా దిక్కులేనిదాన్నా?"

"అయితే మా ఇంటికి రండి అందరూ. పెద్దలు ముందు నడవండి."

ఇంటికెళ్లి అత్త మంచం కింది ట్రంకుపెట్టె ఈడ్చుకొచ్చి, వాకిట్లో ఎండలో బోర్లించింది. బిలబిలమంటూ పురుగులు! ఒంటినిండా వెండి పొలుసులు, తోకకి మూడు వెంట్రుకలు. చేపపిల్లల్లా జారిపోతున్నాయి. ఈ జాతికి రెక్కలన్నవి పుట్టుకలోనే లేవు. పిల్ల పురుగు కూడా తల్లి అచ్చే, సైజే తేడా. చచ్చేదాకా కుబుసం విడుస్తూనే ఉంటుంది. నెలల తరబడి తిండి లేకపోయినా చావదు, గంజి దొరికితే మాత్రం వదలదు. చీకట్లో కూర్చుని ఇంకొకరు నేసింది గీక్కుతింటుంది. వెలుగు పడితే పరుగే.

ఒకటి సంజీవరావు పంచె మీదికెక్కింది. అదీ గంజి పెట్టిన పంచే! పెద్దమనిషి గెంతాడు. జనం గొల్లుమన్నారు.

"సరే, మైలవరం వెళ్లొద్దులే. సర్దుకుపోమ్మా."

"చర్చి మెట్ల మీద అన్నమాట ఆ మెట్ల మీదే వెనక్కి తీసుకోండి. అప్పుడు సర్దుకుంటా."

"వచ్చే ఆదివారం చూద్దాంలే," అని ఆయన పంచె దులుపుకుంటూ జారుకున్నాడు.

సంపూర్ణమ్మ మూతి తిప్పింది. "ఈ పురుగుల్ని కూడా పుట్టింటి నించే తెచ్చుంటది."

అమలమ్మ చీరని బావి దగ్గరికి తీసుకెళ్లి, గంజి చుక్క మిగలకుండా రాతికేసి బాదింది. దండెం మీద వేస్తే అది పీలికలా వాలిపోయింది.

"ఇంక దీనికి గంజి పడదత్తా," అంది. "నలిగిన గుడ్డలోనే పో."