తనిఖీ రోజు రోగులు

ఆ ఆసుపత్రి లిఫ్టులో రోజూ పొద్దున్నే ఒక లోకం పైకి వెళ్ళి, సాయంత్రానికి కిందికి దిగుతుంది. చేతిలో ఎక్స్‌రే కవరు పట్టుకున్న తండ్రి, ఫ్లాస్కు పట్టుకున్న కోడలు, ఎవరితోనో ఫోన్లో పోట్లాడుతున్న డాక్టరు, అందరూ భుజాలు రాసుకుంటూ నిలబడతారు. మూలన స్టూలు మీద కూర్చుని బటన్లు నొక్కే మనిషిని మాత్రం ఎవరూ చూడరు. అతన్ని అందరూ లిఫ్టాయన అంటారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. రోజంతా ఎత్తుల మీదే బతికే మనిషే గాని, పాపం, ఒక్క ఎత్తు వెయ్యడమూ చేతకాదు.

పాఠక మహాశయులారా, ఆ ఆసుపత్రి గేటు మీద ‘ప్రజా ధర్మ వైద్యశాల’ అని నిలువెత్తు అక్షరాలున్నాయి. ధర్మం ఆ గేటు దగ్గరే ఆగిపోతుంది. లోపల కౌంటరు దగ్గరికి వచ్చేసరికి మిగిలేది ధర ఒక్కటే. మరి గేటుకు ధర్మం ఎందుకు తగిలించారంటే, ప్రజల కోసం నడిచే ధర్మసంస్థకు ప్రభుత్వం పన్ను మినహాయిస్తుంది. కొన్ని పడకలు బీదవాళ్ళకు ఉచితంగా ఇవ్వాలన్నది అందుకు షరతు. రోగుల పన్ను నొప్పి సంగతేమో గాని, యజమానుల పన్ను నొప్పికి అక్కడ మంచి వైద్యమే దొరికింది.

ఆ ఉచిత పడకలు నాలుగో అంతస్తులో ఉన్నాయి. ఏడాది పొడుగునా ఆ వార్డుకు తాళం. విరిగిన కుర్చీలు, తిరగని ఫ్యాన్లు, చిరిగిన పరుపులు అందులో ఉచితంగా విశ్రాంతి తీసుకుంటూ ఉంటాయి. ఏడాదికోసారి పన్నుల శాఖవాళ్ళు తనిఖీకి వచ్చే ముందు తాళం తీసి, ఫినాయిలు చల్లి, తెల్ల దుప్పట్లు పరుస్తారు. మరి రోగులో అంటారా? సిబ్బంది ఇళ్ళ నుంచి వస్తారు. వాచ్‌మన్ బావమరిది, వంటమనిషి అత్తగారు, ఆయా తోడికోడలు. కట్లు కట్టించుకుని మధ్యాహ్నం దాకా పడుకుని, భోజనం చేసి ఇళ్ళకు పోతారు. దీన్ని మోసమని ఎవరూ అనుకోలేదు. డ్యూటీ అనుకున్నారు. పైగా ఒక పూట నడుం వాల్చే అవకాశం.

ఈ నాటకంలో లిఫ్టాయన భార్యది ప్రధాన పాత్ర. ఆవిడ మూలిగితే గోడలు కరిగేవి. ఒక ఏడు తనిఖీకి వచ్చినాయన కళ్ళు తుడుచుకుని, తన టిఫిన్ డబ్బాలోని ఆపిల్ ముక్కలు ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళాడు.

“నీ పెళ్ళాం సినిమాల్లో ఉండాల్సిందయ్యా,” అనేవాడు మేనేజరు.

“ఇంట్లో రోజూ చూస్తున్నా కదా సార్, టికెట్టు లేకుండా,” అనేవాడు లిఫ్టాయన.

అలాంటి మనిషికి ఇంకో ఏడు నిజంగానే జబ్బు చేసింది. నాలుగడుగులు వేస్తే ఊపిరి అందడం లేదు. మనుషుల్ని అంతస్తులెక్కించే వాడి భార్య ఇంటి గడప ఎక్కలేకపోయింది. తెలిసిన మొహమని గుండె డాక్టరు ఫీజు లేకుండా చూసి చెప్పాడు. గుండెలో వాల్వు పాడైంది, మార్చాలి, జాగు చేస్తే మనిషి దక్కదు. సర్కారు ఆసుపత్రిలో ఆపరేషన్‌కు వరస చాలా పొడుగు. ఆ వరస కదిలి తన వంతు వచ్చేదాకా ఆవిడ ఉంటుందన్న నమ్మకం లేదు.

లిఫ్టాయన మేనేజరు గదికి వెళ్ళాడు. ఆసుపత్రి వకీలు కూడా అక్కడే కాఫీ తాగుతున్నాడు.

“సార్, నాలుగో అంతస్తులో మా ఆవిడకి ఒక మంచం ఇప్పించండి. ఇన్నేళ్ళూ పడుకున్న మంచమే కదా సార్.”

“అది పడుకోడానికయ్యా, బాగుచేయించుకోడానికి కాదు,” అన్నాడు మేనేజరు.

“గేటు మీద ప్రజలదని రాశారు కదా సార్. మేమూ ప్రజలమే కదా.”

వకీలు కప్పు కింద పెట్టాడు. ఆయన చెడ్డవాడేం కాదు. పిల్లలకు పాఠం చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు. “చూడు నాయనా. పన్నుల చట్టం ముందు ఇది పబ్లిక్ సంస్థ. అక్కడ ప్రభుత్వానికి మేం జవాబు చెప్పుకోవాలి. సివిల్ చట్టం ముందు ఇది ప్రైవేటు సంస్థ. నాకు పడక రావాలని నువ్వు దావా వేస్తే నిలవదు. ఎవర్ని చేర్చుకోవాలో మా ఇష్టం.”

“అంటే తీసుకునేటప్పుడు అందరిదీ, ఇచ్చేటప్పుడు మీదీనా సార్?”

“అబ్బో, లిఫ్టులో తిరిగీ తిరిగీ మాటలు కూడా పైకెక్కాయే!” అని మేనేజరు నవ్వాడు. “వెళ్ళు వెళ్ళు. ఎల్లుండే తనిఖీ. మీ ఆవిణ్ణి మర్చిపోకుండా తీసుకురా. ఈసారి మూలుగు ఇంకా సహజంగా వస్తుంది.”

ఆ మాట భార్యకు చెప్పలేక చెప్పాడు. ఆవిడ గోడకు జేరగిలబడి నవ్వబోయింది. దగ్గొచ్చింది.

“పోదాం పదయ్యా.”

“సిగ్గు లేదుటే నీకు?”

“ఊపిరికే దిక్కు లేదు, సిగ్గు ఎక్కణ్ణించి తేను? ఆ వచ్చే పెద్దమనిషి కన్నయినా నామీద పడుతుందేమో.”

ఈసారి తనిఖీకి వచ్చింది ఒక అధికారిణి. నెరిసిన జుట్టు, తక్కువ మాటలు. మేనేజరు ఆవిణ్ణి మంచాల మధ్య నడిపిస్తూ, “ఇది ప్రజల సొత్తు మేడమ్, మేం ఉత్త కాపలాదారులం,” అంటున్నాడు. లిఫ్టాయన భార్య మంచం దగ్గర ఆవిడ ఆగింది. జబ్బు మనిషి ఏదో చెప్పబోయింది గాని మాట రాలేదు. “మాట్లాడించకూడదని డాక్టరుగారి ఆర్డరు మేడమ్,” అని మేనేజరు ఆవిణ్ణి ముందుకు నడిపించేశాడు. తనిఖీ అయిపోయింది.

మేనేజరూ అధికారిణీ లిఫ్టెక్కారు. లిఫ్టు రెండో అంతస్తు దాకా దిగింది. అక్కడ లిఫ్టాయన వేలు నాలుగో నంబరు నొక్కింది.

“కిందికయ్యా, కిందికి!” అన్నాడు మేనేజరు.

“ఒకటి మర్చిపోయారు సార్.”

లిఫ్టు మళ్ళీ పైకెక్కి, వార్డుకు ఎదురుగా తలుపు తెరుచుకుంది. రెండు కాళ్ళకూ కట్లున్న వాచ్‌మన్ బావమరిది నిలబడి చెప్పులు వెతుక్కుంటున్నాడు. వంటమనిషి అత్తగారు తలకట్టు విప్పి ఉండ చుడుతోంది. ఇందాక స్పృహ లేకుండా పడున్నాయన భోజనాలెప్పుడని గట్టిగా అడుగుతున్నాడు.

“ఇంతలోనే కోలుకున్నారే!” అంది అధికారిణి.

“మా వైద్యం అలాంటిది మేడమ్,” అన్నాడు మేనేజరు. గొంతు మాత్రం కోలుకోలేదు.

ఒక్క మంచం మీద ఒక్క మనిషి అలాగే ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి.

“నువ్వెందుకు లేవలేదమ్మా?”

“లేవలేకమ్మా.”

సంగతంతా విన్నాక అధికారిణి లిఫ్టాయనతో, “నేను చూసిందొక్కటే చాలదు, సాక్ష్యం కావాలి. రేపు మా ఆఫీసుకొచ్చి చూసింది చెప్పు. ఇది ధర్మసంస్థ కాదని తేలితే మినహాయింపు రద్దవుతుంది,” అంది.

“మరి మా ఆవిడకి మంచం?”

“నేను పన్ను వసూలు చెయ్యగలనయ్యా, పడక ఇప్పించలేను. రద్దయిందంటే ఇది పూర్తిగా ప్రైవేటే. అప్పుడు ఉచిత పడకన్న మాటే ఉండదు.”

ఆ సాయంత్రం మేనేజరు తనంతట తానే లిఫ్టు దగ్గరికొచ్చాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి లిఫ్టాయన భుజం మీద చెయ్యి వేశాడు.

“రేపే మీ ఆవిణ్ణి చేర్చుకుంటాం. ఆపరేషన్ ఉచితం. వాళ్ళంతా నిజం రోగులేనని, డాక్టరు కాస్త నడవమంటే లేచారని నువ్వు ఆ మేడమ్‌తో చెప్పు. అంతే.”

“చెప్పకపోతే సార్?”

“చెప్పకపోతే నీ పెళ్ళాం నీ ఇష్టం.”

లిఫ్టాయన చెప్పాడు. ఆ అధికారిణి కళ్ళలోకి చూడకుండా, మేనేజరు నేర్పిన మాటలన్నీ ఒక్కటీ తప్పకుండా చెప్పాడు. మినహాయింపు నిలిచింది. ఆయన భార్య గుండెలో కొత్త వాల్వూ నిలిచింది. మనలో ఎవరమైనా ఆ చోట ఇంకోలా చెప్పి ఉండేవాళ్ళమని గుండె మీద చెయ్యి వేసుకుని అనగలమా?

నాలుగో అంతస్తులో ఇప్పుడు ఆవిడ ఒక్కతే రోగి. చుట్టూ మిగతా మంచాల మీదికి విరిగిన కుర్చీలు, తిరగని ఫ్యాన్లు మళ్ళీ వచ్చి చేరాయి. ఒక మధ్యాహ్నం కింద లిఫ్టు దగ్గరికి ఒక తాపీమేస్త్రి తల్లిని వీపున మోసుకుని వచ్చాడు. చేతులకు సిమెంటు ఇంకా ఆరలేదు.

“అన్నా, ఇక్కడ ఉచిత వార్డుందట కదా. ఏ అంతస్తు?”

పక్కనే మేనేజరు నిలబడి ఉన్నాడు.

“అలాంటిదేం లేదు తమ్ముడూ. ఎవరో తప్పు చెప్పారు,” అన్నాడు లిఫ్టాయన. ముసలావిడ కళ్ళెత్తి ఆయన్ని చూసింది. కొడుకు వెనక్కి తిరిగాడు.

పైకి వెళ్ళి జరిగింది భార్యకు చెప్పాడు. “నాకింకో దారి లేదే,” అన్నాడు.

“లేదు,” అందావిడ. “నేను ఇన్నేళ్ళు ఈ మంచం మీద ఉత్తుత్తిగా మూలిగాను. నిజంగా మూలిగేవాళ్ళు అప్పుడు ఏ గేటు దగ్గర ఉన్నారో ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆపిల్ ముక్కలు బాగున్నాయనుకున్నాను. వెళ్ళు, ఆ పిల్లాణ్ణి పిలు. కుర్చీలు నేను తీస్తాను.”

లిఫ్టాయన పరుగెత్తాడు. లిఫ్టు కూడా ఎక్కకుండా మెట్ల మీద పరుగెత్తాడు. గేటు దగ్గర ఎవరూ లేరు. రోడ్డుకు రెండు వైపులా చూశాడు. అంతా జనమే. ఏ వీపు మీదా ముసలావిడ కనిపించలేదు.

తిరిగి వచ్చేసరికి ఆవిడ పక్క మంచం మీది కుర్చీలు దించి, దుప్పటి పరిచి, ఆయాసంతో కూర్చుని ఉంది. ఖాళీగా వచ్చిన భర్తను చూసి ఆ దుప్పటి వైపే చూస్తూ అంది. “అది నా హక్కయ్యుంటే నీ చేత అబద్ధం చెప్పించేవాళ్ళు కాదయ్యా. అందరిదీ నాకొక్కదానికి దయగా ఇచ్చారంటే, ఆ ముసలమ్మ దగ్గర దొంగిలించి ఇచ్చినట్టే.”