డ్రాగన్ చచ్చేదాకా గడ్డం

మా బావది సెలూన్. అందరి గడ్డాలూ గీసే మనిషి తన గడ్డం మాత్రం పెంచాడు. కంప్యూటర్ ఆటలో ఒక డ్రాగన్ ఉంది. అది చచ్చేదాకా తన చెంప మీద కత్తి పెట్టనని ఒట్టు పెట్టుకున్నాడు.

ఆట కొత్తది, మహా బరువైంది. బావ కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు ముసలిది, ఆ బొమ్మలు కదిలించలేక ఆయాసపడేది. వెనక గదిలో దాని రొదకి ముందు గదిలో అద్దాలు అదిరేవి. డ్రాగన్ కాలెత్తిందంటే, నేను ఇద్దరికి కటింగ్ చేసి టీ తాగి వచ్చినా ఆ కాలు గాల్లోనే ఉండేది. మా అక్క ఆ వెనక గదిలోనే కూర్చుని షాపు తువ్వాళ్లు మడతపెట్టేది. డ్రాగన్ ఒకసారి తోక ఊపేలోపు గంపెడు తువ్వాళ్లు అయిపోయేవి. బావ ఈటె విసిరితే మర్నాటికి చేరేది.

"కొత్త కార్డు కొనొచ్చుగా బావా" అన్నాను.

"ఇప్పుడు కొంటే నాకంటే పిచ్చోడు ఉండడు బామ్మర్దీ. వానలు తగ్గాక దీని తాతలాంటిది వస్తోంది."

వానలు తగ్గాయి, తాత వచ్చింది. బావ కంప్యూటర్ల దుకాణం దాకా వెళ్లి ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. చలికాలంలో ముత్తాత వస్తుందట. అలా వంశమంతా బజారులోకి వచ్చింది గానీ మా గడప ఒక్కటీ తొక్కలేదు. గడ్డం మాత్రం కార్డుకో జానెడు చొప్పున దిగి, షాపులో నేల ఊడ్చే పని కూడా తనే చూసుకునేది. వచ్చినవాళ్లు ఆ గడ్డం చూసి, ఇక్కడ కత్తులు లేవు కాబోలనుకుని ఎదురు షాపుకి పోయేవాళ్లు. చివరికి కుర్చీల్లో మేమే కూర్చున్నాం.

"ఏవండీ, గడ్డం కావాలా, షాపు కావాలా? రెండూ ఉండేట్టు లేవు" అంది అక్క. తనే వెళ్లి కార్డు తెచ్చి బల్ల మీద పెట్టింది.

బావ బిగించాడు. ఆట గాలిలా పరిగెత్తింది. డ్రాగన్ కూడా పరిగెత్తింది, రెప్ప వేసేలోపు బావని నమిలేసింది. మళ్లీ ఆడాడు, మళ్లీ నమిలింది. సాయంత్రానికి దానికే వెగటు పుట్టింది.

"ఇది లాభం లేదే. ఎండాకాలంలో ఇంకో కార్డు..."

"మీరు లేవండి" అని అక్క కూర్చుంది.

ఇన్నాళ్లూ తువ్వాళ్ల వెనక నుంచి ఆ నత్తనడక చూసీ చూసీ, డ్రాగన్ ఏ కాలెత్తితే తోక ఎటు తిరుగుతుందో, ఎప్పుడు నోరు తెరుస్తుందో అంతా ఆమెకి కంఠతా వచ్చేసింది. పక్కకి జరిగింది, వంగింది, తెరిచిన నోట్లో ఒక్కటిచ్చింది. డ్రాగన్ వెల్లకిలా పడింది. ఆ అదురుకి ముందు గదిలో దువ్వెనలు రాలాయి.

"నేను చంపాలి కదే" అని గొణిగాడు బావ.

"చచ్చేదాకా అన్నారు, చచ్చింది. కుర్చీ ఎక్కండి."

ఆ గడ్డానికి రెండు కత్తెరలు మొండిబారాయి. కిటికీలోంచి చూస్తున్న నలుగురు మెల్లగా లోపలికొచ్చి, తమ వంతు కోసం బెంచీ మీద కూర్చున్నారు. నేను నురగ పూసి కత్తి తీశాను.

"బామ్మర్దీ, ఆ ఎండాకాలం కార్డు ఉందే..."

"దవడ కదపకు బావా, తెగుతుంది."