కెంచమ్మ కొప్పులో పువ్వు

2003. రెండు వానాకాలాలుగా ఆ పువ్వు కోసం అంచెట్టి అవతలి కొండలన్నీ కాళ్లరిగేలా తిరుగుతున్నాం. అరుదైన తెల్లటి నేల ఆర్కిడ్ అది. రేకుల అంచులు దువ్వెన పళ్లలా చీలి ఉంటాయి. కనిపిస్తే, ఈ కొండల్లోకి రాతి క్వారీని రానివ్వొద్దని మా మొక్కల సర్వే రిపోర్టులో రాయవచ్చు. కనిపించకపోతే 'మామూలు పొదల అడవి' అని రాసి సంతకం పెట్టాలి. రిపోర్టు మర్నాడే హోసూరులో ఇవ్వాలి. మా దేవేంద్ర సార్ కంటితో చూడనిదే కామా కూడా పెట్టే మనిషి కాదు. నాకు ఆయన మీద కోపం, కొండ మీద కోపం, చివరికి వాన మీద కూడా కోపమే.

ఉత్త చేతులతో దిగి వస్తుంటే, గుట్ట కింద మేకలు తోలుకుంటూ కెంచమ్మ అనే ఆవిడ ఎదురైంది. ఆమె కొప్పులో అదే పువ్వు!

నేను వేసిన కేకకు మేకలు చెల్లాచెదురయ్యాయి.

"యాడ కోసినావక్కా?"

మా ఖాకీ టోపీలు చూసి ఆమె గభాలున కొంగు తలమీదికి లాక్కుంది. "నేను కోయలేదమ్మా. సంతలో కొనుక్కొని వచ్చినాను."

ఈ పువ్వు సంతలో దొరికితే నేను సూళగిరి సంతలో విమానాలు అమ్ముతాను. మమ్మల్ని ఫారెస్టు వాళ్లనుకుంది, ఫైన్ వేస్తామని భయపడింది. సార్ నెమ్మదిగా సర్వే అంటే ఏమిటో మొదలుపెట్టారు. ఆయన చెప్పి ముగించేసరికి తెల్లారుతుంది. నేను టోపీ తీసి విసిరేసి ఆమె ముందు చతికిలబడ్డాను.

"అక్కా, నేను బేరిగై ఊరి సౌందర్యను. ఆ పువ్వు నా జడలో పెట్టు. ఫైన్ వేస్తే ఇద్దరం కలిసి కడదాం."

అడవిలో పువ్వు తుంచిన వాళ్లందరినీ అంతవరకూ తిట్టిపోసిన మనిషిని నేను. సార్ నోరు తెరిచారు. కెంచమ్మ నా ముఖం చూసి పకపకా నవ్వింది. పువ్వు నా జడలో గుచ్చి, "రాండి, చూపిస్తా. బిరీన రాండి," అంటూ గుట్టెక్కేసింది.

బండల వెనక, మేమెప్పుడూ తొంగి చూడని పల్లంలో, గడ్డి నడుమ అంతా తెలుపే. కాలు పెట్టడానికి చోటు లేదు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "క్వారీ పోయింది సార్! పోయింది!" అని ఎగిరాను. సార్ బురదలోనే మోకాళ్ల మీద కూలబడి, రాసుకోవడం మొదలుపెట్టారు.

మాతోపాటు నవ్వుతున్న కెంచమ్మ ఉన్నట్టుండి ఆగింది.

"ఏమప్పా, మీరు రాసేస్తే ఇది గవర్నమెంటు పువ్వైపోతుంది కదా. మళ్లా నన్నూ నా మేకల్నీ ఈడికి రానిస్తారా?"

సార్ పెన్ను ఆగిపోయింది. ఆయన నా వైపు చూశారు.

"రానిస్తారక్కా," అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ మాట నిలబెట్టడానికి ఎవరెవరితో పోట్లాడాలో అప్పుడే ఆలోచిస్తున్నాను.