ఎవరి ముడి వాళ్లదే

లెక్కల పీరియడ్ సగంలో వాన మొదలైంది. టీచరు భాగహారం బోర్డు మీదే వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్లింది. చాలా రోజులకు గుమ్మంలోకి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు మురిసిపోతూ, "ఇవాళ మన జల్లెడ సత్తా ఏమిటో తేలిపోతుంది" అంది. తేలింది. ఆమె అనుకున్నట్టు మాత్రం కాదు.

జల్లెడ అనేది పిల్లల ముద్దుపేరు. నిజానికది ఇనప వల. బడి గేటు పక్కనుంచి పోయే మురుగు కాలవ వీధుల్లోని కవర్లూ సీసాలూ మోసుకెళ్లి దిగువన చెరువులో పోసేది. ఆ చెత్తను మధ్యలోనే ఆపాలని నాలుగో తరగతి పిల్లలు పట్టుబట్టారు. కల్వర్టు ముందు వల నిలబెట్టారు. అడుగు అంచును సిమెంటులో పాతి, పై అంచును కాలవకు అడ్డంగా ఉన్న గొట్టానికి కట్టారు. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక కొక్కెం కర్రతో చెత్త లాగి బుట్టలకెత్తేవారు. చెరువు నీళ్లు మెల్లగా మొహం కడుక్కున్నాయి. అయితే ఒకనాటి పొద్దున వచ్చి చూసేసరికి వల లేదు. ఎవరో పైకట్లు విప్పి, పీక్కుపోయి పాత ఇనుముకు అమ్ముకున్నారు.

రెండో వలనూ అలాగే అడుగున పాతి పైన కట్టేటప్పుడు టీచరుకో గొప్ప ఆలోచన వచ్చింది. సైకిల్ షాపతను ఇచ్చిన పాత బ్రేకు తీగలు తలా ఒకటి పంచింది. ఎవరి ముడి వాళ్లే కనిపెట్టాలి, విప్పడం కట్టినవాళ్లకు తప్ప ఇంకెవరికీ రాకూడదు, పక్కవాడికి కూడా చెప్పకూడదు. పిల్లలకు ఇంతకన్నా ఏం కావాలి? గుటకలు మింగుతూ రహస్యం దాచుకున్నారు. దొంగలు కూడా ఆ ముడులతో కుస్తీ పట్టి వెళ్లిపోయారు. అవసరమొస్తే మనమెలా విప్పుతామన్న సంగతి ఆ గదిలో ఒక్క బుర్రకూ తట్టలేదు, పెద్ద బుర్రతో సహా.

అన్నిట్లోకీ గట్టి ముడి సూదిది. టైలరమ్మ కూతురు. మనిషి సన్నం, మాట పదును, అందుకే ఆ పేరు. ముడి నేర్పింది వాళ్ల తాతయ్య. ఆయనా ఒకప్పుడు టైలరే. పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ మాటా పోయాక, మిగిలిన ఎడమ చేత్తోనే మనవరాలికి ఆ ముడి నేర్పాడు. గొట్టం నడిమధ్యన దాన్ని కట్టి, సూది తరగతంతటికీ నాలుక చూపించింది.

ఇప్పుడు ఈ వానకు ఆ కాలవలోకి పై వీధినుంచి ఒక చిరిగిన పరుపు కొట్టుకొచ్చింది. ఏ మహానుభావుడు పడేశాడో. నీళ్లు తాగి ఉబ్బి, వలకు అంటుకుపోయింది. కొక్కెం కర్ర తగిలిస్తే కర్ర విరిగింది. వెళ్లే దారిలేక కాలవ పొంగింది. నీళ్లు వీధిలోకి ఎక్కి వెనక్కి పాకాయి.

వరండాలోంచి చూస్తున్న సూది టీచరు కొంగు పట్టి లాగింది. "టీచర్, మా ఇంట్లోకి పోతున్నాయి" అంది.

బడి గేటు ఎదుటే టైలరమ్మ మిషను గది, ఇల్లూ అదే, రోడ్డుకన్నా పల్లంలో ఉంటుంది. మెట్లు దిగి వెళ్లాలి. అప్పటికే పై మెట్టు కనిపించడం లేదు.

"మీ అమ్మ చూసుకుంటుందిలేమ్మా."

"అమ్మ లేదు. బట్టలివ్వడానికి వెళ్లింది. తాతయ్య కింద పడుకున్నాడు. మంచం మీంచి దొర్లుతున్నాడని నేలమీదే పక్కేశాం. ఆయన లేవలేడు టీచర్."

టీచరు పక్కనే ఉన్న బడి ఆయమ్మను "పరిగెత్తు" అనేలోపే సూది గేటు దాటింది. ఆయమ్మ చీర ఎగదోపుకుని చీలమండలు మునిగే నీళ్లలో ఆ పిల్ల వెనకాలే పడింది.

తీగలు తెంపి వల పడగొడితేగాని నీళ్లు దిగవు, సైకిల్ షాపు చూస్తే షట్టరు దించి ఉంది. కటింగ్ ప్లయరు అందులోనే ఉంది. బడి వంటగదిలోని కత్తి బ్రేకు తీగ మీద గీత కూడా పెట్టలేకపోయింది. ఇక మిగిలింది పిల్లల చేతులే.

"వరసగా రండి. పరిగెత్తకండి. నేను పట్టుకుంటాను, కిందకు చూడకండి" అంది టీచరు.

ఒక్కొక్కరూ కల్వర్టు గోడమీద బోర్లా పడుకుని చేతులు చాచారు. టీచరు నడుం రెండు చేతులా పట్టుకుంది. కింద నల్లటి నీళ్లు సుడులు తిరుగుతున్నాయి. గుండు అనే పిల్లాడు ఏడుస్తూనే తన ముడి విప్పాడు. కబుర్లమ్మ జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని పని చేసింది. ఒకడు తన ముడిని తానే మర్చిపోయి, రెండుసార్లు ఇంకా బిగించి, అప్పుడు విప్పాడు. అదృష్టం బాగుండి ఆ రోజు ఎవరూ బడి ఎగ్గొట్టలేదు.

చివరికి నడిమధ్య ముడి మిగిలింది. ఆ ఒక్కదాన్నే పట్టుకుని వల మొండికేసి నిలబడింది. తలా ఒక చెయ్యి వేశారు. వేళ్లు చీరుకుపోయాయి తప్ప ముడి కదల్లేదు. టీచరు టైలరమ్మ ఇంటివైపు తిరిగి, ఉన్న ఊపిరంతా పెట్టి సూదిని కేకేసింది.

ఇంట్లో ఆయమ్మ గోడకు జారగిలబడి కూర్చుని, ముసలాయన్ని వెనకనుంచి చంకల కింద పట్టుకుని ఉంది. ఎంత లాగినా మనిషి లేవలేదు. నిలబడితే నీళ్లు తొడలకే, కూర్చున్న ఆయనకు మాత్రం ఛాతీ దాటాయి. సూది ఆయన గడ్డం ఎత్తిపట్టుకుంది. ఆయన ఎడమ చెయ్యి సూది మణికట్టును పట్టుకుని ఉంది.

కేక వినబడింది. ఎందుకు పిలుస్తున్నారో సూదికి వెంటనే అర్థమైంది.

"వెళ్లు తల్లీ. నేను పట్టుకుంటాలే" అంది ఆయమ్మ.

"తాతయ్యా, వదులు. ముడి విప్పి వచ్చేస్తా."

తాతయ్య వదల్లేదు. ఆయనకు ముడి సంగతేం తెలుసు? చీకట్లో, నీళ్లలో, తన పిల్ల వెళ్లిపోతానంటోంది. కళ్లు పెద్దవి చేసి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. జీవితాంతం కత్తెర కింద గుడ్డ బిగించి పట్టిన చెయ్యి అది. సూదికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చిటికెన వేలు లేపింది. తర్వాత దాని పక్కది. ఒకటి లేపితే ఇంకొకటి ముడుచుకుంటోంది. చివరికి బొటనవేలు విరిచినంత పని చేసి చెయ్యి లాక్కుంది. ఆయన నోట్లోంచి వచ్చిన ఆ శబ్దం మాట కాదు. సూది వెనక్కి చూడకుండా మెట్లెక్కింది.

గోడమీద బోర్లా పడుకుని చేతులు చాచింది. తీగ కొసను లోపలికి తోసి, మడత తిప్పి, లాగింది. తాతయ్య చూపించినట్టే. ముడి ఊడింది. వల ఒక్కసారిగా పడుకుంది. పరుపు దాని మీదుగా దొర్లి కల్వర్టులోకి మాయమైంది, వెనకే నీళ్లు హోరుమంటూ దూకాయి. కొట్టుకుపోతున్న చెత్తను చూసి పిల్లల్లో ఒక్కరు కూడా చప్పట్లు కొట్టలేదు. టీచరు మాత్రం గోడ పక్కన కూలబడి, "ఏం ఆలోచన చేశానే తల్లీ" అని తలపట్టుకుంది.

అది వినడానికి సూది అక్కడ లేదు.

గదిలో నీళ్లు మూలనున్న తూములోంచి కాలవలోకి దిగుతున్నాయి. తడిసిన గుడ్డ ముక్కలు నేలకు అంటుకుంటున్నాయి. ఆయమ్మ ఇంకా అలాగే ఉంది, చేతులు తిమ్మిరెక్కి తీయడం రాక. తాతయ్య మొహం గోడవైపు తిప్పుకున్నాడు. సూది ఎదురుగా కూర్చుంది.

"తాతయ్యా, నువ్వు నేర్పిన ముడే. ఎవరికీ రాలేదు. నాకొక్కదానికే వచ్చు. అందుకే వెళ్లాను."

ఆయన తిరగలేదు. సూది చెయ్యి చాచి అలాగే ఉంచింది. చాలాసేపు ఉంచింది. ఆఖరికి ఆయన ఎడమ చెయ్యి తడుముకుంటూ వచ్చి, ఆ మణికట్టును మళ్లీ పట్టుకుంది.

సాయంత్రం పరుగున వచ్చిన టైలరమ్మ, తడి గౌనుతోనే కూతురు నేలమీద కూర్చుని ఉండడం చూసి కేకలేసింది. "ముందు లేచి బట్టలు మార్చుకో. జ్వరమొస్తుంది."

"లేవలేనమ్మా" అంది సూది. తాతయ్య నిద్రపోతున్నాడు. పట్టు మాత్రం సడలలేదు. ఆ వేళ్లను ఎలా విప్పాలో సూదికి తెలుసు. తెలిసీ కదలకుండా కూర్చుంది.