తెల్ల పువ్వు కింద నల్ల గొడుగు

నేను ఒక గొడుగును. మామూలు నల్ల గొడుగును. పూల గొడుగులు, మీట నొక్కితే విచ్చుకునే గొడుగులు నా తరవాత చాలా వచ్చాయి. వాటి మీద నాకు అసూయ లేదు, ఎందుకంటే వాటిలో ఒక్కదానికీ దక్కని భోగం నాకు దక్కింది. సొంత డబ్బా అంటారేమో, ముందు వినండి.

రాజమండ్రిలో ఒక గొడుగుల కొట్టు వెనక గదిలో పుట్టాను. నన్ను మొదట కొన్నది ఒక లెక్కల మాస్టారు. వాన పడుతుంటే నన్ను గుండెకి హత్తుకునేవాడు, వాన వెలవగానే ఎక్కడో ఒకచోట మరిచిపోయేవాడు. మనుషుల ప్రేమ అంతే, తడిసినంతసేపే. అలా ఒకనాడు నరసాపురం బస్సులో వదిలేసి దిగిపోయాడు. పక్క సీటులో ఉన్న దయామణి నన్ను తిరిగి ఇవ్వాలని రెండు వారాలు అదే బస్సు ఎక్కింది. మాస్టారు కనపడలేదు. ఇక చేసేది లేక ఇంటికి తీసుకెళ్లి వసారాలో మేకుకి తగిలించింది.

దయామణిది లేసు పని. అక్కడి ఊళ్లలో ఆడవాళ్లు ఇళ్లలోనే కూర్చుని సూదితో తెల్లదారం అల్లుతారు. ఒక్కొక్కరిది ఒక్కో పువ్వు, ఒకరి పువ్వు ఇంకొకరి చేతికి రాదు. ఆ పువ్వులన్నీ కలిపి గుడ్డగా అతికేది దయామణి. ఆమె పెట్టెలో వాళ్లమ్మ మొదలుపెట్టిన చర్చి బల్లగుడ్డ ఒకటి ఇరవై ఏళ్లుగా మడతలోనే ఉంది. నాలుగు మూలలకు ఒకే రకం పువ్వులు నాలుగు కావాలి, మూడే ఉన్నాయి. ఆ పువ్వు అల్లే మనిషి ఊరు విడిచి ఎటో వెళ్లిపోయింది. దయామణి చూసి అల్లబోతే రెండో వరుసలోనే ముడుచుకుపోయేది. ఈ క్రిస్మస్‌కైనా అమ్మ గుడ్డ పూర్తి చేసి చర్చిలో పరచాలన్నది ఆమె ఒకే ఒక్క కోరిక.

దేశమంతా ఉండే ఆ పెద్ద యాప్‌లో పువ్వు ఫొటో పెట్టి, ఇది ఎవరికైనా వచ్చా అని అడిగింది. నూట నలభై లైకులు వచ్చాయి. ఏడు దండాలు, రెండు శుభోదయాలు కూడా వచ్చాయి. పువ్వు సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు.

దయామణి కోడలు హెప్సిబాకి భీమవరంలో కంప్యూటర్ ఉద్యోగం. అత్తగారి దిగులు చూడలేక లేసు అల్లేవాళ్ల కోసమే ఒక కొత్త యాప్ తయారుచేసి దానికి ‘అల్లిక’ అని పేరు పెట్టింది. చుట్టుపక్కల ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి చేరమంది.

“అక్కడ ఎవరున్నారని రమ్మంటన్నావే అమ్మాయ్?” అంది ఎదురింటి సత్యవేణి.

న్యాయమైన ప్రశ్నే. ఖాళీ హోటల్లోకి ఎవరు అడుగుపెడతారు? కిక్కిరిసిన చోటే దూరి, ఇరుకుగా ఉందని సణుక్కోవడం మనుషులకి సరదా. బతిమాలగా బతిమాలగా పదకొండు మంది చేరారు. ఏడాది ఆఖరుకి జనం పెరగకపోతే మూసేస్తానని హెప్సిబా చెప్పింది.

దయామణి ఆ ఫొటోనే ఇక్కడా పెట్టింది. పది నిమిషాల్లో మొగల్తూరు నుంచి కనకరత్నం అనే ఆవిడ గొంతు రికార్డు చేసి పంపింది.

“పువ్వేదండీ? నాకు తెలుపు తప్ప ఏం కనపడతల్లేదండి.”

అప్పుడు చూసుకున్నారు అత్తాకోడళ్లు. మాసిపోతుందని లేసుని ఉతికిన తెల్లగుడ్డ మీద తప్ప పెట్టరు, అది అమ్మమ్మల నాటి నియమం. దయామణి నియమం తప్పకుండా తెల్ల దుప్పటి మీద తెల్ల పువ్వు పరిచి ఫొటో తీసింది. అంటే ఆ పెద్ద యాప్‌లో నూట నలభై మంది మెచ్చుకున్నది ఉత్త దుప్పటిని! నాకు నవ్వాగక ఊచలు గలగలలాడాయి.

నల్లటిది ఏదైనా కావాలని దయామణి ఇల్లంతా వెతికి చివరికి నన్ను చూసింది. తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, విప్పి, ఆ పువ్వుని నా మీద పెట్టింది. ఒక్కొక్క ముడీ లెక్కపెట్టుకునేటంత స్పష్టంగా కనపడింది. ఈసారి కనకరత్నం వెంటనే ఫోన్ చేసింది.

“ఇది మా చినమ్మ పువ్వండి. ఆవిడ పోయింది గానీ, పని నాకు నేర్పిపోయింది. అల్లి పంపుతానండి.”

దయామణి నా పిడి పట్టుకుని పసిపిల్లలా ఏడ్చింది. నాకు పట్టరాని సంతోషం కలిగింది. తడవడం కొత్త కాదు గానీ, ఆ తడి వేరు.

క్రిస్మస్ నాడు చర్చిలో నాలుగు పువ్వుల గుడ్డ చూసినవాళ్లు ఆ నాలుగోది ఎక్కడ దొరికిందని అడిగారు. హెప్సిబా ఇంక బతిమాలే పని లేకపోయింది. నెల తిరిగేసరికి ‘అల్లిక’లో ఆరువందల మంది ఉన్నారు. ఆ ఊళ్లలో నల్ల గొడుగులన్నీ అటకల మీంచి దిగాయి.

అయినా సత్యవేణి పొద్దున్నే ఆ పెద్ద యాప్‌లో సూర్యోదయం బొమ్మ పంపుతూనే ఉంది. దయామణి దానికి దండం పెడుతూనే ఉంది. అది మాత్రం మానరా అత్తయ్యా అని హెప్సిబా ఉడుక్కుంది.

“సంతకీ వెళ్తాం, చుట్టాలింటికీ వెళ్తాం. ఆ రెంటికీ పోటీ ఏంటమ్మా?” అంది దయామణి.

ఇవాళ జోరున వాన. దయామణి దారపుండల కోసం బయలుదేరుతుంటే కోడలు గొడుగు తీసుకెళ్లమంది. తడిస్తే గొడుగుకి మచ్చలు పడతాయని, ఫొటోలు చెడతాయని దయామణి తల మీద ప్లాస్టిక్ సంచీ కప్పుకుని పరుగెత్తింది. ఇప్పుడే తిరిగొచ్చి గుమ్మంలో నీళ్లోడుతూ నిలబడింది. నేను వసారాలో పొడిగా, ఒంటి మీద రెండు తెల్ల పువ్వులతో కూర్చున్నాను. ఇన్నేళ్లూ మనుషులు తడవకుండా కాసినదాన్ని. నేను తడవకూడదని ఒక మనిషి తడిసింది చూశారా!