ఆరుగురి ఊపిరి నేనే ఊదాను

మా వదిన యాసిడ్ తొట్టి పక్కన కుప్పకూలిపోతే సూపర్‌వైజర్ మొట్టమొదట చేసిన పనేమిటో తెలుసా? వరండా తలుపు మూయించాడు. పై అంతస్తుకు పరాయి దేశాల పండితులు వచ్చారు, వాళ్ళ కంట పడకూడదట. చెత్త తీసుకెళ్ళే వెనక దారిలో, సీసాలు మోసే తోపుడు బండి మీద ఆమెను బయటికి పంపించాడు. ఆ బండి తోసింది నేనే.

పేరుమోసిన విశ్వవిద్యాలయం అది. ఊరి నడిబొడ్డున పదహారు అంతస్తుల అద్దాల మేడ. అక్కడివాళ్ళు ఏది రాస్తే ఊరికి అదే శాసనం. దాని నేలమాళిగలో మేం ముప్ఫైమందిమి ప్రయోగాల గాజు సామాను కడుగుతాం. తొట్లు పొద్దస్తమానం పొగ కక్కుతుంటాయి. ఉన్న ఒక్క కిటికీకీ మేకులు కొట్టేశారు.

వదినకు వైద్యం చేయించమనీ, గదిలో పొగ లాగే ఫ్యాను పెట్టమనీ ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన కోప్పడలేదు. మర్యాదగా కూర్చోబెట్టి తన వ్యాసం పడ్డ పత్రిక తెరిచాడు.

"చూడమ్మా, రెండేళ్ళ కిందట మీ అందరి ఊపిరితిత్తులూ పరీక్షించాం. భేషుగ్గా ఉన్నాయి. మీ వదినవి కూడా. ఈ పొగతో ప్రమాదం లేదని తేల్చాం. ఈ వ్యాసం చూసే ఊళ్ళో రంగుల మిల్లులన్నీ ఫ్యాన్లు తీసేశాయి. సైన్సుతో వాదిస్తారా?"

నేను వాదించకుండానే లేచి వచ్చేశాను. ఎందుకంటారా? సిగ్గు విడిచి చెబుతున్నాను.

ఆ పరీక్షలో ఒక గొట్టంలోకి గట్టిగా ఊదమన్నారు. ఊదలేనివాళ్ళను పనిలోంచి తీసేస్తారని మాలో గుసగుస పుట్టింది. నేనప్పుడు కొత్తగా చేరాను, దమ్ముంది. వదిన కార్డు పట్టుకుని వెళ్ళి ఊదాను. తర్వాత మా పిన్ని కార్డుతో. అలా ఆరుసార్లు వరసలో నిలబడ్డాను. ఆ కార్డుల మీద పేర్లు లేవు, నంబర్లే. మా మొహాలు ఎవడు చూశాడు గనక! వాళ్ళ కళ్ళు కప్పామని బయటికొచ్చి పడీపడీ నవ్వుకున్నాం. మా గొయ్యి మేమే తవ్వుకున్నామని తెలియలేదు.

బట్టలు మార్చుకునే గదిలో అందరం కూర్చున్నాం. విషయం బయటపెడదామన్నాను.

పిన్ని గయ్యిమంది. "నీకేమన్నా పిచ్చా? మోసం కేసు పెట్టి లోపలేస్తారు!"

"వెయ్యనీ. ఇక్కడుంటే మాత్రం ఎన్నాళ్ళు బతుకుతాం పిన్నీ?"

"దమ్మున్నదానివి, నీకేం, ఎన్నయినా చెప్తావ్."

"ఎక్కడుంది దమ్ము? నిన్న పది మెట్లెక్కి కూలబడ్డాను. నువ్వే కదా మంచినీళ్ళిచ్చావ్!"

గోడకు చేరగిలబడ్డ వదిన ఆగి ఆగి అంది: "నా బదులు ఊదించుకున్నది నేను. నేనూ వచ్చి చెప్తా."

పిన్ని ముక్కు చీది లేచింది. "ఏడిసినట్టే ఉంది. నాదీ చెప్పండి. నంబరు పద్నాలుగు."

మర్నాడే ఆ వ్యాసానికి ప్రొఫెసర్‌కు సన్మానం. ముందు వరసలో మిల్లు యజమానులు, వెనక విద్యార్థులు. వేదిక మీద పూలదండ వేసి ఆ ఊదే యంత్రాన్నే పెట్టారు! ముప్ఫైమందిమీ పని బట్టలతోనే వెళ్ళాం. గేటు దగ్గర ఆపితే "కప్పులు కడగడానికి పిలిచారు" అంది పిన్ని. వదిలేశారు.

"అయ్యా, ఆ వ్యాసం అబద్ధం! ఆరుగురి ఊపిరి నేనే ఊదాను," అని అరిచాను.

ప్రొఫెసర్ తడబడ్డాడు గానీ వెంటనే సర్దుకున్నాడు. "చూశారా? మాకు తెలియకుండా వీళ్ళు ఎంత మోసం చేశారో!"

"తెలియకుండా కాదు సార్."

లేచింది ఒక పరిశోధక విద్యార్థిని. ఆనాడు యంత్రం దగ్గర కూర్చున్న పిల్లే. "ఒకే మనిషి ఆరుసార్లు వచ్చిందని ఆ రోజే మీకు రాసిచ్చాను. ఫలితం బాగుంది, కెలక్కు అన్నారు. నా డిగ్రీ మీ చేతిలో ఉందని నోరు మూసుకున్నాను. ఇక మూసుకోను."

ఆ పిల్లే వేదిక ఎక్కి, దండ తీసేసి యంత్రం ఆన్ చేసింది. వదిన ఊదింది. తెర మీద గీత లేవలేదు. తర్వాత పిన్ని. తర్వాత నేను. నా గీత చూసి నాకే ఏడుపొచ్చింది. కరెంటు తీయించారు. అయినా వరస చెదరలేదు. విద్యార్థులు కూడా వచ్చి మా మధ్య నిలబడ్డారు. పోలీసులు నన్నూ ఆ పిల్లనూ ఈడ్చుకెళ్ళి వ్యాను ఎక్కించారు.

మూడోరోజు ఇద్దరం బెయిలు మీద బయటికొచ్చాం. నేను తిన్నగా మీ రంగుల మిల్లు గేటుకే వచ్చాను. వదినకు వైద్యం ఇంకా మొదలుపెట్టలేదు. ఫ్యాను రాలేదు. మా ముప్ఫైమందినీ పనిలోంచి తీసేశారు. ఊరంతా గోల చేస్తే కమిటీ వేశారు. రేపు మీ ఊపిరి పరీక్షించడానికి గొట్టాలు పట్టుకుని మీ దగ్గరికి వస్తారట.

భయం నాకు తెలుసు. బాగా ఊదేవాళ్ళను వెతుక్కోకండి. ఊదలేనివాళ్ళే ముందు నిలబడండి. వాళ్ళలో ఒక్కరిని తీసేసినా మిల్లు ఆగిపోవాలి. పొద్దున్నే మేం ముప్ఫైమందిమీ వస్తాం. ఆ పిల్ల కూడా వస్తుంది.