పద్దెనిమిది దాటినవారికే

రోజూ తెనాలి ఆఫీసుకి వెళ్లొచ్చే రేపల్లె రైల్లోనే నేను కథలు రాసుకుంటాను. రాసినవి ఒక వెబ్‌సైటులో పెడతాను. కథ పెట్టే ముందు అక్కడ ఒక ప్రశ్న అడుగుతారు: అందరూ చదవవచ్చా, పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లేనా? మా అక్క పుష్పలత ఆత్మహత్య గురించి రాసిన కథకు రెండోదే ఎంచుకున్నాను. పేరు పక్కన ఎర్రగా 18+ అని పడింది. ఆ గుర్తు ఉంటే పిల్లల ఖాతాల్లో కథ కనిపించదు. నాకు కావలసిందీ అదే.

మా లూథరన్ చర్చి సంఘ పెద్ద శాలేమురాజు మాస్టారు ఆ గుర్తు చూశారు. కథ మాత్రం చదవలేదు. ఆరాధన అయ్యాక నన్ను పక్క గదిలోకి పిలిచారు.

"ఏంటమ్మా శోభా ఇది? పిల్లలకి వాక్యం చెబుతూ బూతు కథలు రాస్తావా?"

"బూతు కాదండి. చావు గురించి. చిన్నపిల్లలు చదవకూడదని ఆ గుర్తు పెట్టానండి."

"పిల్లలు చదవకూడనిది నువ్వు రాయడమెందుకు? మంచి కథైతే గుర్తు తీసెయ్. లేదంటే కన్ఫర్మేషన్ క్లాసు ఇంకొకరికి ఇస్తాం."

నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు హెడ్మాస్టరుగా చేసిన మనిషికి నాలుగు పేజీలు చదవడానికి బద్ధకం. కానీ ఏడాదిగా ఆ క్లాసులో పదకొండు మంది పిల్లలకీ బైబిలు పాఠం చెబుతున్నది నేను. అది పూర్తయ్యాక, పెంతెకోస్తు పండుగనాడు వాళ్లు మొదటిసారి ప్రభువు బల్ల దగ్గర మోకరించి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. అప్పుడు వాళ్ల పక్కన ఉండాలని నా ఆశ. ఆయన ఎదుటే ఫోన్ తీసి గుర్తు తొలగించాను.

రెండు వారాల తర్వాత, క్లాసు అయ్యాక అలేఖ్య ఒక్కతే బెంచీ మీద ఉండిపోయింది. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే పిల్ల, పదహారేళ్లు.

"మీ కథ చదివానండి టీచర్. ఫోన్లో కనిపించింది."

"బాగుందా?" అన్నాను. రాసేవాళ్ల బుద్ధి ఎక్కడికి పోతుంది.

"మీ అక్కకి బాగా నొప్పి పుట్టిందాండీ?"

పక్కన కూర్చుని ఆ పిల్ల చేతులు పట్టుకున్నాను.

"చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?"

తల ఊపింది. రెండు సబ్జెక్టులు పోయాయట, ఇంట్లో ఇంకా చెప్పలేదట.

"మీ అక్క గురించి ఎంత ప్రేమగా రాశారండి. నా గురించి కూడా అలాగే రాస్తారనుకున్నాను."

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

"అక్క లేదు కాబట్టి రాశానే. ఉంటే ఒక్క ముక్క రాసేదాన్ని కాదు. కడుపునిండా తిట్టి పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని. పద, మీ అమ్మ దగ్గరికి పోదాం."

దారంతా చెయ్యి వదల్లేదు. వాళ్లమ్మ సుజన సంగతంతా విని కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. మర్నాడు ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్లాలనుకున్నాం.

వాళ్ల వాకిట్లోనే నిలబడి గుర్తు మళ్లీ పెట్టాను. మాస్టారికి ఫోన్ చేసి, క్లాసు ఎవరికిస్తారో ఇచ్చుకోమన్నాను.

"అసలేం జరిగిందమ్మా?"

ఆ పిల్ల సంగతి ఆయనకు చెప్పే హక్కు నాకు లేదు.

"తప్పు చేశానండి," అన్నాను. "మీ మాట విని."